సగం నింపిన ఫారం మాయం కాకుండా ఉండాలంటే

నేను ఎక్కువగా కోడ్ రాసేది విద్యార్థులు వెబ్‌లో నింపే దరఖాస్తు ఫారాలకు. చిరునామా, ఆదాయం, మార్కులు అన్నీ ఓపికగా నింపి, ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళ్లి వచ్చేసరికి ఫారం ఖాళీ. ఇక ఆ విద్యార్థి మనల్ని తిట్టుకోవడంలో తప్పేముంది?

నింపినదాన్ని కాపాడటానికి 'అన్‌లోడ్' ఈవెంట్‌ను, అంటే పేజీని వదిలి వెళ్లేటప్పుడు బ్రౌజర్ ఇచ్చే సంకేతాన్ని, నమ్ముకోకండి. ఫోనులో వేరే యాప్‌లోకి వెళ్లి, అక్కడి నుంచే బ్రౌజర్‌ను మూసేస్తే అది చాలాసార్లు రానే రాదు. పైగా బ్యాక్ నొక్కగానే పేజీని ఉన్నదున్నట్టు చూపించే 'బీఎఫ్‌క్యాష్'కు కూడా అది అడ్డు.

నమ్మదగింది 'విజిబిలిటీఛేంజ్', అంటే పేజీ తెరపై కనిపించినా, కనుమరుగైనా వచ్చే ఈవెంట్. డాక్యుమెంట్‌కు దీని లిజనర్ (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) పెట్టి, 'విజిబిలిటీస్టేట్' విలువ 'హిడెన్' (కనిపించడం లేదు) కాగానే అప్పటిదాకా నింపినదాన్ని బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్‌లో దాచండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు మాత్రం దాచకండి. ఇంటర్నెట్ సెంటర్లో అదే కంప్యూటర్ ముందు తర్వాత ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు. సర్వర్‌కు పంపాలంటే 'సెండ్‌బీకన్' ఉంది. పేజీ మూతపడినా అభ్యర్థన వెళ్లేలా చూస్తుంది. పరిమితి 64 కిలోబైట్లు కాబట్టి ఫొటోలు అందులో కుక్కకండి.

'వెళ్లిపోతారా?' అని అడిగే పెట్టె కావాలంటే 'బిఫోర్‌అన్‌లోడ్' వాడాలి. అందులో తమ సొంత వాక్యం కనిపించాలని క్లయింట్లు ఇప్పటికీ పట్టుబడతారు. 2016లో వచ్చిన 51వ వెర్షన్ నుంచి క్రోమ్ తన వాక్యాన్నే చూపిస్తోంది, వాదించి లాభం లేదు. సేవ్ కాని మార్పులున్నప్పుడే ఈ లిజనర్‌ను చేర్చి, సేవ్ కాగానే తీసేయండి.

అసలు చిక్కు పేజీకి తిరిగి వచ్చేటప్పుడు. ఫీజు కట్టాక బ్యాక్ నొక్కితే బీఎఫ్‌క్యాష్ నుంచి పాత పేజీ లేచి వస్తుంది, 'ఫీజు చెల్లించండి' బటన్‌తో సహా. అప్పుడు పేజీ కొత్తగా తెరుచుకున్నప్పుడు వచ్చే 'లోడ్' ఈవెంట్ మళ్లీ రాదు. అందుకే పేజీ ఇలా తిరిగి వచ్చినా వచ్చే 'పేజ్‌షో' ఈవెంట్‌కు లిజనర్ పెట్టండి. అందులో 'పర్సిస్టెడ్' విలువ 'ట్రూ' అయితే, అంటే పేజీ బీఎఫ్‌క్యాష్ నుంచి వచ్చినదైతే, బటన్‌ను ఆపేసి, ఫీజు అందిందో లేదో సర్వర్‌ను అడిగాకే తెరవండి. రెండోసారి డబ్బు తీసుకోకుండా సర్వర్‌లోనూ కట్టడి ఉండాల్సిందే. బ్రౌజర్ మీదే భారం వేసే పని కాదిది.

పరీక్షించడానికి క్రోమ్ డెవ్‌టూల్స్‌ (డెవలపర్ల కోసం బ్రౌజర్‌లోనే ఉండే పరికరాలు)లోని అప్లికేషన్ ప్యానెల్‌లో బీఎఫ్‌క్యాష్ విభాగం ఉంది. పేజీ అందులో చేరకపోతే కారణం చెబుతుంది. తర్వాత ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోను తీసుకుని ఫారం సగం నింపండి, మెసేజీల్లోకి వెళ్లండి, అక్కడి నుంచే బ్రౌజర్‌ను మూసేసి మళ్లీ తెరిచి చూడండి.