వానలకు ముందు సెప్టిక్ ట్యాంకు గొట్టం చూసుకోండి

అక్టోబరు వస్తే తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలు. డిసెంబరు దాకా ఎప్పుడు ముసురు పట్టుకుంటుందో చెప్పలేం. ఆలోపు మిద్దె మీది కుండీలు, టైర్లు, కొబ్బరి చిప్పలు బోర్లించాలని అందరికీ తెలుసు. డెంగీ భయం ఆ పని చేయిస్తుంది. రాత్రి చెవి దగ్గర గుయ్యిమనే దోమను మాత్రం "ఉత్త దురద దోమే" అని వదిలేస్తాం.

దాని పేరు క్యూలెక్స్. గోధుమరంగులో ఉంటుంది, మురుగులో పుడుతుంది, చీకటి పడ్డాక కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా దీని పని కాదు, అవి పగలు కుట్టే తెల్ల చారల ఏడిస్ తెచ్చేవి. అంతమాత్రాన ఇది సాధువేమీ కాదు. బోదకాలు దీనివల్లే వస్తుంది. వెస్ట్ నైల్ వైరస్‌నూ ఇదే మోస్తుంది. పక్షిని కుట్టినప్పుడు ఎక్కించుకున్న వైరస్‌ను తర్వాత మనిషిలోకి దించుతుంది. సోకిన పదిమందిలో ఎనిమిదిమందికి ఏ లక్షణమూ ఉండదు. సుమారు 150 మందిలో ఒకరికి జబ్బు ముదిరి మెదడు దాకా పోతుంది. 2019లో కేరళ మలప్పురం జిల్లాలో ఆరేళ్ల బాబు ఈ జ్వరంతోనే చనిపోయాడు. మనుషులకు టీకా లేదు. అలాగని శబరిమల వెళ్లొచ్చిన వాళ్లను చూసి టెన్షన్ పడొద్దు, తాకితే అంటేది కాదు.

దీని చుట్టం ఇంకోటి వరిమళ్లలో పెరుగుతుంది. జపనీస్ మెదడువాపు దానివల్లే. పందులు, కొంగల నుంచి వైరస్ తెస్తుంది. మన దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించింది ఎక్కడో కాదు, చిత్తూరు పక్కనున్న వెల్లూరులో, 1955లో. దీనికి టీకా ఉంది. పల్లెల్లో ఉండేవాళ్లు పిల్లలకు వేయించాలా అని ఏఎన్ఎంను ఒక మాట అడగండి.

ఇక అసలు పని. పోయినేడు సాయంత్రం ఆరున్నరకు బట్టలు తీద్దామని మిద్దె ఎక్కితే, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం నోట్లోంచి దోమలు పొగలాగా లేస్తున్నాయి. అప్పటిదాకా వీధి కాలువను తిట్టుకుంటున్నాం, ఫ్యాక్టరీ మా ఇంట్లోనే ఉంది! నైలాన్ దోమతెర ముక్క రెండు మడతలు వేసి, గొట్టం నోటికి బైండింగ్ వైరుతో బిగించాను. పది రోజుల్లో తేడా తెలిసింది. మూత పెట్టి పూర్తిగా మూసేయకూడదు, లోపలి గ్యాస్ బయటికి పోవాలి. ట్యాంకు పైబండలో పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చండి, అక్కడినుంచి కూడా వస్తాయి. ఎండకూ వానకూ తెర పాడై ఊడుతుంది, నెలకోసారి చూడాలి.

గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఇంటి ముందు కాలువలో ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి నీళ్లు నిలిస్తే వారానికోసారైనా లాగేయాలి. పారే చోట దోమ గుడ్లు నిలవవు. కదలని మురుగు గుంత ఉంటే కొద్దిగా కాలిన ఇంజిన్ ఆయిల్ పోయండి. పిల్ల పురుగులు నీటిపైకొచ్చి గాలి పీలుస్తాయి, ఆ పొర ఊపిరి ఆడనివ్వదు. పశువులు తాగే నీళ్లలో, చెరువులో మాత్రం వద్దు. వేపాకు పొగ కాసేపే పనిచేస్తుంది, పసిపిల్లలున్న గదిలో దాన్నీ, కాయిల్‌నూ వెలిగించకండి.

జ్వరం తగ్గడానికి పారాసిటమాల్ చాలు. అది ఏ జ్వరమో తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. తలనొప్పి, వాంతులతో పాటు మెడ బిగుసుకోవడం, మత్తు, పొంతనలేని మాటలు, మూర్ఛ కనిపిస్తే తెల్లారనివ్వకుండా రుయాకో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.

రాత్రి దోమతెర అంచు పరుపు కిందకు దోపి పడుకోండి. మోచెయ్యి తెరకు ఆనితే బయటినుంచే కుడుతుంది. మావాడి చేతి మీద వరసగా దద్దుర్లు చూశాకే నాకు తెలిసింది. అప్పటినుంచి వాణ్ని మంచం మధ్యలో పడుకోబెడుతున్నాం.