కోతుల శాంపిళ్లకు బయల్దేరే ముందు

ఎండలు ముదిరి గుట్టల మీద నీళ్లు అడుగంటగానే హైదరాబాద్ శివార్లలో కోతులు కాలనీల్లోకి దిగుతాయి. వైరస్ పరీక్షల కోసం వాటి మలం శాంపిళ్లు తీయడానికి ఇదే అదను అనిపిస్తుంది. కానీ మనకూ వాటికీ దూరం బాగా తగ్గేదీ ఇప్పుడే. మొదటిసారి టీముతో వెళ్లేవాళ్లు ఇది పూర్తిగా చదవండి.

జబ్బుగా ఉన్న కోతికే భయపడితే చాలదు. మన చుట్టూ తిరిగే మకాక్ జాతి కోతుల్లో హెర్పిస్ బి వైరస్ ఉండొచ్చు. అది వాటిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. పైకి నిక్షేపంగా ఉన్న కోతి లాలాజలంలోనూ వైరస్ ఉండే వీలుంది. మనిషికి సోకడం చాలా అరుదు. సోకి వైద్యం అందకపోతే మాత్రం పదిమందిలో ఏడుగురు బతకడం కష్టం. 1997లో అమెరికాలోని అట్లాంటాలో ఒక యువ పరిశోధకురాలిని కోతి కరవలేదు, రక్కలేదు. కోతిని తరలిస్తుంటే బోనులోంచి ఏదో వచ్చి కంట్లో చిమ్మింది. ఆరు వారాలకు ఆమె చనిపోయింది. అందుకే గాగుల్స్ విషయంలో నేను ఎవరి మాటా వినను. చెమటకు మసకబారాయని నుదుటి మీదికి తోసేయకండి. దూరంగా వెళ్లి తుడుచుకుని రండి.

అటవీశాఖ అనుమతి కాగితం దగ్గర ఉంచుకోండి. కోతిని పట్టే పని అసలు పెట్టుకోవద్దు. రాత్రి అవి పడుకున్న చెట్ల కింద తెల్లవారేసరికి తాజా మలం దొరుకుతుంది. గుంపు మేతకు కదిలాకే ఆ చెట్ల కిందికి వెళ్లండి. రెండు జతల గ్లవ్స్, ఎన్-95 మాస్క్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. జేబులో బిస్కెట్లు, చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉండకూడదు. కవర్ కనిపిస్తే తిండే అనుకుని మీదికొస్తాయి. కళ్లలోకి చూడకండి, పళ్లు కనబడేలా నవ్వకండి.

జలుబో దగ్గో ఉంటే ఆ రోజు రావద్దు. మన ఫ్లూ, తట్టు, క్షయ వాటికీ అంటుతాయి. 2021లో నెహ్రూ జూ పార్కులో 8 సింహాలకు కొవిడ్ సోకినట్టు సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) పరీక్షల్లో తేలడం మన ఊళ్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చచ్చిపడిన కోతి కనిపిస్తే ముట్టకుండా అటవీశాఖకు చెప్పండి. 1957లో కర్ణాటకలో బయటపడిన క్యాసనూర్ అటవీ వ్యాధిలో, చనిపోయిన కోతులను వదిలిన పిడుదులే మనుషులను కుట్టి జబ్బు అంటించాయి.

కరిచినా రక్కినా మొదటి పావుగంటే కీలకం. సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే ఉత్త నీళ్లతో అంతసేపూ. గుట్ట మీద కుళాయి ఉండదు కాబట్టి బండిలో 20 లీటర్ల క్యాన్, సబ్బు పెట్టుకోకుండా కదలకండి. పసుపు, సున్నం, కారం పూయొద్దు. రేబిస్ టీకాకు నారాయణగూడలోని ఐపీఎం (ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ)కో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికో అదే రోజు వెళ్లండి. కరిచింది కోతి అని స్పష్టంగా చెప్పి, బి వైరస్‌కు యాంటీవైరల్ మందు అవసరమా అని మీరే అడగండి. తర్వాత నెలరోజుల్లో గాయం దగ్గర పొక్కులు, తిమ్మిరి, జ్వరం, తలనొప్పి ఏది వచ్చినా మళ్లీ పరుగెత్తండి. డాక్టర్ ఎవరైనా సరే, కోతి సంగతి ముందు చెప్పండి.