నేటివ్ బైనరీలో డేటాబేస్ డ్రైవర్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడ రైస్ మిల్లుల ధర్మకాంటాల దగ్గర, జడ్చర్ల వైపు మార్కెట్ యార్డుల్లో చాలాచోట్ల పాత కంప్యూటర్లే నడుస్తున్నాయి. జేడీకే (జావా ప్రోగ్రాములకు కావలసిన సాఫ్ట్‌వేర్) ఏ వెర్షనులో ఉందో చూసుకునే మనిషి అక్కడ ఉండడు. అందువల్ల లారీ తూకాన్ని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో రాసి, తీరిక దొరికినప్పుడు ఆఫీసులోని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌కు పంపే చిన్న జావా ప్రోగ్రామును గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్ అనే సాధనంతో, జావా లేకుండానే నేరుగా నడిచే ఒకే బైనరీగా మార్చి ఇవ్వడం తెలివైన పనే. అయితే జేవీఎం (జావాను నడిపే వర్చువల్ మెషీన్) మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ప్రోగ్రాము, బైనరీగా మారగానే సరిగ్గా డేటాబేస్ దగ్గరే ఆగిపోవడం తరచుగా కనిపిస్తుంది.

దీనికి మూలకారణం ఒకటే. నేటివ్ ఇమేజ్, మెయిన్ పద్ధతి నుంచి మొదలుపెట్టి కోడులో తనకు కనిపించిన క్లాసులనే బైనరీలో చేరుస్తుంది. నడిచే సమయంలో పేరుతో పిలిచే క్లాసులు, జార్ (జావా కోడు ప్యాకేజీ ఫైలు) లోపలి ప్రాపర్టీస్ ఫైళ్లు, జేఎన్‌ఐ (జావా నుంచి ఇతర భాషల కోడును పిలిచే మార్గం) ద్వారా వచ్చే లైబ్రరీలు దానికి కనిపించవు. జేడీబీసీ డ్రైవర్లు (జావాను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీలు) ఎక్కువగా ఆధారపడేది వీటి మీదే. కాబట్టి ముందుగా అదే జార్‌ను జేవీఎం మీద నడిపి చూడాలి. అక్కడ కూడా అదే లోపం వస్తే, అది నేటివ్ కంపైలేషన్‌కు సంబంధించినది కాదు.

లక్షణం: మన కంప్యూటర్లో నడిచింది, కాంటా దగ్గర జావా లేదంటుంది

తయారైనది నిజమైన నేటివ్ బైనరీ కాదు, జేడీకే ఉంటే తప్ప నడవని ఫాల్‌బ్యాక్ ఇమేజ్. బిల్డు (బైనరీ తయారీ) చివర ఆ హెచ్చరిక వచ్చే ఉంటుంది. ‘--నో-ఫాల్‌బ్యాక్’ ఆప్షన్ ఇస్తే, దాగి ఉన్న లోపం బిల్డు దశలోనే బయటపడుతుంది.

లక్షణం: ‘నో సూటబుల్ డ్రైవర్’ అని వస్తుంది

2006లో జావా 6తో వచ్చిన జేడీబీసీ 4.0 నుంచి, ప్రతి డ్రైవరూ తన పేరును జార్‌లోని మెటా-ఇన్ఫ్ సర్వీసెస్ ఫైలులో రాసుకుంటుంది. ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్ డ్రైవర్లు రెండింటినీ ఒకే పెద్ద జార్‌లో కలిపినప్పుడు ఒకదాని ఫైలు మీద మరొకటి పడి, ఒక పేరే మిగలవచ్చు. పాత కోడు డ్రైవరు పేరును ప్రాపర్టీస్ ఫైలు నుంచి చదివి క్లాస్.ఫర్‌నేమ్‌కు (పేరుతో క్లాసును లోడు చేసే పద్ధతికి) ఇస్తూ ఉంటే, జేవీఎం మీద ఈ లోపం బయటపడదు. నేటివ్ బైనరీలో మాత్రం ఆ క్లాసే ఉండదు. జార్లను కలపడానికి మావెన్ షేడ్ ప్లగిన్ వాడేవారు, ఆ సర్వీసెస్ ఫైళ్లను ఒకటిగా కలిపే సర్వీసెస్ రిసోర్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చేర్చాలి. క్లాస్.ఫర్‌నేమ్ తప్పనిసరి అయితే, పేరును కోడులోనే స్థిరమైన స్ట్రింగుగా రాస్తే కంపైలర్ దాన్ని గుర్తిస్తుంది.

లక్షణం: అసలు లోపం వేరు, తెర మీద కనిపించేది వేరు

ఎక్కువ సమయాన్ని తినేది ఇదే. పాస్‌వర్డ్ తప్పుగా ఇచ్చినా, ఆఫీసులో సర్వర్ ఆగిపోయినా, ఆ సంగతి చెప్పకుండా బైనరీ ‘మిస్సింగ్ రిసోర్స్’ అంటూ ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ తన లోపసందేశాలను లోకలైజ్డ్ ఎర్రర్ మెసేజెస్ అనే రిసోర్స్ బండిల్ (సందేశాల ఫైలు) నుంచి చదువుతుంది; ఆ బండిల్ బైనరీలో లేకపోతే, సందేశం చెప్పబోయే ప్రయత్నమే మరో లోపమై, మొదటిదాన్ని కప్పేస్తుంది.

బండిల్ పేర్లను ఒక్కొక్కటిగా వెతికి రాయడం కన్నా ట్రేసింగ్ ఏజెంట్ వాడడం మేలు. ప్రోగ్రామును జేవీఎం మీద ‘నేటివ్-ఇమేజ్-ఏజెంట్’తో నడిపితే, అది వాడిన రిఫ్లెక్షన్ (క్లాసులను పేరుతో వెతికి వాడడం), రిసోర్స్, జేఎన్‌ఐ వివరాలన్నింటినీ ఫైళ్లలో రాస్తుంది, ఆ ఫైళ్లను మెటా-ఇన్ఫ్ లోపలి నేటివ్-ఇమేజ్ ఫోల్డరులో పెట్టాలి. అయితే ఏజెంట్ తాను చూసినదాన్నే రాస్తుంది. ఒక లారీ తూకం వేసి, రసీదు తీసి ఆపేస్తే, సజావుగా సాగిన దారి మాత్రమే నమోదవుతుంది. కాబట్టి తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి ఒకసారి, కనెక్షన్ మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ పీకి ఒకసారి, ఒకే రసీదు నంబరును రెండుసార్లు ఎక్కించి ఒకసారి, ఎస్‌ఎస్‌ఎల్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి నడపాలి. రెండో పరుగు నుంచి ‘కాన్ఫిగ్-మెర్జ్-డిర్’ వాడకపోతే, ముందు రాసినదంతా చెరిగిపోతుంది. హికారీ వంటి కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లను ఉంచుకుని మళ్లీ వాడే లైబ్రరీ) కూడా రిఫ్లెక్షన్ వాడుతుంది కనుక, పూల్ లేకుండా ఏజెంట్‌ను నడిపి, తరువాత పూల్ చేర్చడం వృథా శ్రమ.

లక్షణం: ఇమేజ్ హీప్‌లో (బిల్డు సమయంలోనే బైనరీలో చేరే ఆబ్జెక్టుల్లో) నడుస్తున్న థ్రెడ్ ఉందని బిల్డు ఆగిపోతుంది

మైఎస్‌క్యూఎల్ కనెక్టర్, వదిలేసిన కనెక్షన్లను శుభ్రం చేయడానికి ఒక థ్రెడ్‌ను స్టాటిక్ బ్లాకులోనే (క్లాసు ప్రారంభమవగానే నడిచే కోడులోనే) మొదలుపెడుతుంది. 2019లో వచ్చిన గ్రాల్‌వీఎం 19.0 నుంచి మన క్లాసులు నడిచే సమయంలోనే ప్రారంభమవుతాయి కనుక, ఈ లోపం దానంతట అది రాకూడదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న కమాండులో, క్లాసు పేరేమీ ఇవ్వకుండా, అన్ని క్లాసులనూ బిల్డు సమయంలోనే ప్రారంభించే ‘--ఇనీషియలైజ్-ఎట్-బిల్డ్-టైమ్’ ఉందేమో చూడండి. దాన్ని తీసేయడమే సరైన వైద్యం. ఒక్కొక్క క్లాసుకూ మినహాయింపు రాసుకుంటూ పోతే ఆ జాబితాకు అంతు ఉండదు.

లక్షణం: ఎస్‌క్యూలైట్ ‘అన్‌శాటిస్‌ఫైడ్ లింక్’ అంటుంది

ఎస్‌క్యూలైట్ డ్రైవరులో సీ భాషలో రాసిన లైబ్రరీ ఉంటుంది. నడిచే సమయంలో దాన్ని తాత్కాలిక ఫోల్డరులోకి తీసి లోడు చేస్తుంది. 3.40.1.0 వెర్షను నుంచి నేటివ్ ఇమేజ్‌కు కావలసిన వివరాలు డ్రైవరులోనే ఉన్నాయి కనుక, ముందు వెర్షను పెంచండి. అయినా తగ్గకపోతే, ఆ తాత్కాలిక ఫోల్డరు ‘నోఎగ్జెక్’గా (అందులోని కోడును నడపనివ్వని విధంగా) మౌంట్ అయిందేమో చూడండి. మజిల్ (musl) అనే సీ లైబ్రరీతో పూర్తి స్టాటిక్ బైనరీ చేసి ఉంటే, డైనమిక్ లైబ్రరీని లోడు చేయడం కుదరదు. ఎస్‌క్యూలైట్ కావాలంటే పూర్తి స్టాటిక్ బైనరీ ఆశ వదులుకోవాలి.

లక్షణం: కొన్ని టేబుళ్లు చదివేటప్పుడే క్యారెక్టర్ సెట్ లోపం వస్తుంది

మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు డిఫాల్టు క్యారెక్టర్ సెట్ (అక్షరాల ఎన్‌కోడింగు) లాటిన్1, 8.0లో అది యూటీఎఫ్8ఎంబీ4గా మారింది. పాత టేబుళ్ల కోసం డ్రైవరు విండోస్-1252 ఎన్‌కోడింగును అడుగుతుంది, బైనరీలో మాత్రం కొద్ది ఎన్‌కోడింగులే ఉంటాయి. ‘యాడ్-ఆల్-క్యార్‌సెట్స్’ ఆప్షన్ చేరిస్తే చాలు. రైతుల పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే మాత్రం చాలావరకు అవి టేబుల్లోకి చేరేటప్పుడే పోయి ఉంటాయి. అలా పోయినవాటిని ఏ బిల్డూ తిరిగి తేలేదు.

లక్షణం: కాంటా కంప్యూటర్లో మొదలవకముందే ఆగిపోతుంది

సీపీయూ ఫీచర్లు లేవని సందేశం వస్తే, బైనరీ ఏవీఎక్స్2 వంటి అదనపు ఆదేశాలు ఉన్న ప్రాసెసరు కోసం తయారైందని అర్థం. 2013కు ముందరి ఇంటెల్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 లేదు; ‘-మార్చ్=కంపాటిబిలిటీ’తో మళ్లీ బిల్డు చేయండి. జీలిబ్‌సీ (లైనక్స్‌లోని ప్రాథమిక సీ లైబ్రరీ) వెర్షను దొరకలేదంటే, ఉబుంటు 22.04 మీద కట్టిన బైనరీని 20.04 మీద నడిపే ప్రయత్నం వంటిది జరిగి ఉంటుంది: మొదటిదానిలో జీలిబ్‌సీ 2.35, రెండోదానిలో 2.31. వాడుకలో ఉన్న యంత్రాల్లో అన్నిటికన్నా పాత ఉబుంటు ఏదో చూసి, దాని కంటైనరులోనే బిల్డు చేయాలి.

బిల్డే 137 కోడుతో ఆగితే మెమరీ చాలలేదన్నమాట. బ్రౌజరు మూసి, స్వాప్ పెంచి ప్రయత్నించవచ్చు. పరీక్షల వరకు ‘-ఓబీ’ క్విక్ బిల్డు సరిపోతుంది, కానీ మిల్లుకు ఇచ్చే బైనరీని పూర్తి బిల్డుతోనే చేయాలి.