డివైస్ ట్రీ నేర్చుకుందాం – 4: ఫర్మ్‌వేర్ కెర్నల్‌ను పిలవాలంటే

కిందటి పాఠంలో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఎస్‌ఎంసీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో సెక్యూర్ వరల్డ్‌ను (ప్రాసెసర్‌లో కెర్నల్‌కు అందకుండా విడిగా ఉంచిన భాగం) ఎలా పిలుస్తుందో చూశాం. కెర్నల్ అడుగుతుంది, అక్కడ నడిచే ఫర్మ్‌వేర్ జవాబిస్తుంది. మరి ఫర్మ్‌వేరే ముందుగా ఏదైనా చెప్పాలనుకుంటే? కెర్నల్ అడిగేదాకా కాచుక్కూర్చోనక్కర్లేదు, ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) వేస్తే చాలు. కాకపోతే ఆ ఇంటరప్ట్ ఏదో కెర్నల్‌కు ముందే తెలియాలి. దాన్ని డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైల్) రాయడమే ఇవాళ్టి పని.

ఉదాహరణకు ఆర్మ్ ప్రాసెసర్, గిక్ ఇంటరప్ట్ కంట్రోలర్, ఆప్-టీ ఫర్మ్‌వేర్, లినక్స్ కెర్నల్ తీసుకుంటున్నాను. ప్రాపర్టీల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఏది రాయాలి, ఏది రాయకూడదు

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే నిదానంగా వెళ్దాం. 'సెక్యూర్ ఇంటరప్ట్' అనే మాటను జనం రెండు అర్థాల్లో వాడతారు. ఒకటి, సెక్యూర్ వరల్డ్ తన కోసం తాను అందుకునే ఇంటరప్ట్. రెండోది, సెక్యూర్ వరల్డ్ కెర్నల్ కోసం వేసే ఇంటరప్ట్. ఫర్మ్‌వేర్ నోడ్‌లో (డివైస్ ట్రీలో ఫర్మ్‌వేర్ గురించి రాసే భాగం) రాయాల్సింది రెండోది మాత్రమే.

గిక్ మూడో వెర్షన్ ఇంటరప్ట్‌లను మూడు గ్రూపులుగా చూస్తుంది: గ్రూప్ 0, సెక్యూర్ గ్రూప్ 1, నాన్-సెక్యూర్ గ్రూప్ 1. మొదటి రెండూ సెక్యూర్ వరల్డ్ సొత్తు. సెక్యూర్ వరల్డ్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, నార్మల్ వరల్డ్‌లో నడిచే కెర్నల్ వాటి రిజిస్టర్ బిట్లు చదివితే సున్నాలే వస్తాయి, రాస్తే ఆ రాత పట్టదు. ఎర్రర్ కూడా రాదు. ఆ నిశ్శబ్దమే అసలు ఇబ్బంది.

నేను కొత్తలో ఒక బోర్డు మీద సెక్యూర్ వాచ్‌డాగ్ (సిస్టమ్ స్తంభిస్తే పట్టుకునే టైమర్) ఇంటరప్ట్ నంబర్‌ను తెచ్చి ఫర్మ్‌వేర్ నోడ్‌లో పెట్టాను. కెర్నల్ బూట్ అయింది, డ్రైవర్ హ్యాండ్లర్‌ను (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్) రిజిస్టర్ చేసుకుంది, లాగ్‌లో ఒక్క ఫిర్యాదు లేదు. ఇంటరప్ట్ మాత్రం ఒక్కసారీ రాలేదు. రెండు రోజులు కెర్నల్ కోడ్‌లోనే వెతికాను. ఆ ఇంటరప్ట్ లైన్ సెక్యూర్ గ్రూప్‌లో ఉందని, దాన్ని ఎనేబుల్ చేయడం కెర్నల్ చేతిలోనే లేదని చివరికి ఫర్మ్‌వేర్ కోడ్ చదివాకే అర్థమైంది.

సరైన పద్ధతి వేరు. ఏ పరికరమూ వాడని ఒక లైన్‌ను ఎంచుకుని నాన్-సెక్యూర్ గ్రూప్ 1లో ఉంచాలి. కెర్నల్‌తో పని పడినప్పుడు ఫర్మ్‌వేర్ గిక్ రిజిస్టర్‌లో ఆ లైన్‌కు పెండింగ్ బిట్ (ఇంటరప్ట్ వచ్చి ఉందనే గుర్తు) పెడుతుంది. వాచ్‌డాగ్ లాంటివి ఎన్ని ఉన్నా లోపలే ఉండిపోతాయి. బయటికి వచ్చే కబురు ఈ ఒక్క లైన్ మీదే వస్తుంది.

నంబర్ లెక్క

గిక్‌లో 0 నుంచి 15 దాకా సాఫ్ట్‌వేర్ వేసే ఎస్‌జీఐలు, 16 నుంచి 31 దాకా ఒక్కో సీపీయూకు విడివిడిగా ఉండే పీపీఐలు, 32 నుంచి 1019 దాకా అన్ని సీపీయూలకూ ఉమ్మడిగా ఉండే ఎస్‌పీఐలు. ఫర్మ్‌వేర్ కోడ్‌లో సాధారణంగా ఈ పూర్తి నంబరే ఉంటుంది. డివైస్ ట్రీలో అలా కాదు. మొదటి గడిలో రకం (ఎస్‌పీఐకి 0, పీపీఐకి 1), రెండో గడిలో ఆ రకంలో ఎన్నోది, మూడో గడిలో ట్రిగ్గర్ రాస్తాం. ఫర్మ్‌వేర్ వాళ్లు 72 అని చెబితే ఎస్‌పీఐ కాబట్టి 32 తీసేయాలి, 40 వస్తుంది:

ఇంటరప్ట్స్ = <0 40 1>;

తీసివేత మర్చిపోయి 72 అనే రాస్తే కెర్నల్ 104వ లైన్ దగ్గర ఎదురుచూస్తుంది. పీపీఐ అయితే 16 తీసేయాలి.

మూడో గడిలోని 1 అంటే రైజింగ్ ఎడ్జ్, అంటే సంకేతం పైకి లేచిన క్షణం. లెవెల్ ట్రిగ్గర్‌కు 4 రాస్తారు, ఇక్కడ అది రాయకండి. లెవెల్ అంటే ఒక పరికరం లైన్‌ను పట్టి ఉంచడం, డ్రైవర్ వెళ్లి దాని సంగతి చూశాక వదిలేయడం. ఇక్కడ లైన్ పట్టి ఉంచే పరికరమే లేదు, ఫర్మ్‌వేర్ ఒకసారి తట్టి వదిలేసింది, అంతే. అందుకే ఆప్-టీ బైండింగ్ (నోడ్‌లో ఏం రాయాలో చెప్పే పత్రం) కూడా ఇది పర్-సీపీయూ ఇంటరప్టో, ఎడ్జ్ ట్రిగ్గర్ ఇంటరప్టో అయి ఉండాలంటుంది.

నోడ్

రూట్ కింద 'ఫర్మ్‌వేర్' నోడ్, దాని కింద 'ఆప్టీ' నోడ్. కంపాటిబుల్ విలువ 'లినారో,ఆప్టీ-టీజెడ్', మెథడ్ విలువ 'ఎస్‌ఎంసీ'. వాటి కిందే పైన రాసిన 'ఇంటరప్ట్స్' వరుస చేర్చండి. ఇంటరప్ట్-పేరెంట్‌ను (ఏ ఇంటరప్ట్ కంట్రోలరో చెప్పే ప్రాపర్టీ) ఈ నోడ్‌లో రాయకపోతే కెర్నల్ పై నోడ్‌లలో వెతుక్కుంటూ పోతుంది. మామూలుగా రూట్‌లో గిక్ పేరు ఉంటుంది. మీ ఫైల్లో లేకపోతే ఇక్కడే రాయండి.

తర్వాత ఏం జరుగుతుంది

ఇంటరప్ట్ రాగానే డ్రైవర్ చిన్న ఎస్‌ఎంసీ కాల్‌తో 'ఏమిటి సంగతి?' అని అడుగుతుంది. ఫర్మ్‌వేర్ ఒక విలువ ఇస్తుంది, ఇంకా మిగిలి ఉంటే ఆ మాటా చెబుతుంది. అన్నీ అయ్యేదాకా డ్రైవర్ అడుగుతూనే ఉంటుంది. ఒక్క లైన్‌తో ఎన్నో కబుర్లు నడిచేది ఇలాగే. విలువ 0 వస్తే ఫర్మ్‌వేర్‌కు తీరిగ్గా చేయాల్సిన పని ఉందని అర్థం. అప్పుడు డ్రైవర్ థ్రెడ్ ఇంకో కాల్ చేసి, ఆ పనికి సీపీయూ సమయం ఇస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఇలా కబురు పంపే సౌకర్యం ఉందని ఫర్మ్‌వేర్ చెప్పాక, నోడ్‌లో ఇంటరప్ట్ లేకపోతే ఆప్-టీ డ్రైవర్ మొత్తం ప్రోబ్ (డ్రైవర్ మొదలయ్యే దశ) ఫెయిల్ అవుతుంది. ఫర్మ్‌వేర్‌లో సౌకర్యం లేకుండా నోడ్‌లో మాత్రం రాస్తే డ్రైవర్ దాన్ని పట్టించుకోదు.

బూట్ అయ్యాక 'ప్రాక్' డైరెక్టరీలోని 'ఇంటరప్ట్స్' ఫైల్లో ఆప్టీ నోటిఫికేషన్ లైన్ వెతకండి. లైనే లేకపోతే పై రెండు తప్పుల్లో ఒకటేమో చూడండి. లైన్ ఉండి, ఇంటరప్ట్ ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క మాత్రం సున్నా దగ్గరే ఆగితే ముందు గ్రూప్, ఆ తర్వాత 32 తీసివేత సరిచూడండి.

అభ్యాసం

ఆర్మ్ టైమర్ నోడ్‌లో చాలా ఫైళ్లలో వరుసగా నాలుగు పీపీఐలు కనిపిస్తాయి: 13, 14, 11, 10. వీటి పూర్తి గిక్ నంబర్లు కట్టండి. వీటిలో మొదటిది సెక్యూర్ టైమర్‌ది. నార్మల్ వరల్డ్ కెర్నల్ దాన్ని వాడుకోలేదు, అయినా వరుసలో ఉంచారు. దాన్ని తీసేస్తే మిగతా మూడింటిని కెర్నల్ ఏమనుకుంటుందో కాగితం మీద రాసి చూడండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.