తాళాల లోపల, 3వ పాఠం: లీవర్ తాళం

కిందటి పాఠంలో చూసిన తాళంలో లోపల అడ్డులు మాత్రమే ఉండేవి. వాటిని తప్పించుకుని వెళ్లే సన్నని కమ్మీ ఉంటే చాలు, అది తెరుచుకుంటుంది. లీవర్ తాళం దగ్గర ఆ పని సాగదు.

ఒక కాగితం తీసుకుని నాతో పాటు గీయండి. అడ్డంగా పొడవాటి పట్టీ ఒకటి, అది గడియ. దాని పక్కన పొడుచుకొచ్చిన చిన్న దిమ్మె. ఆ దిమ్మెను చుట్టుకుని పల్చని రేకు ఒకటి, అదే లీవర్. రేకుకు ఒక చివర కీలు ఉంటుంది, స్ప్రింగు దాన్ని ఎప్పుడూ కిందికి నొక్కుతూ ఉంటుంది. రేకులో రెండు గదులు, వాటి మధ్య సన్నని గాడి గీయండి. తాళం వేసి ఉంటే దిమ్మె ఒక గదిలో, తీసి ఉంటే రెండో గదిలో ఉంటుంది. గడియ కదలాలంటే దిమ్మె గాడిలోంచి దాటాలి. కానీ రేకు కిందికి దిగి ఉన్నప్పుడు గాడి దిమ్మెకు ఎదురుగా ఉండదు. తాళంచెవి పన్ను రేకును పైకి లేపి గాడిని దిమ్మెకు ఎదురుగా తెస్తుంది. చెవి ఇంకా తిరిగేకొద్దీ గడియ జరుగుతుంది.

ఇప్పుడు అలాంటి రేకులు ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. ఒక్కోటి ఒక్కో ఎత్తుకు లేవాలి. అందుకే చెవి పళ్లు మెట్లు మెట్లుగా ఉంటాయి.

ఈ పాఠంలో అసలు పట్టుకోవాల్సిన సంగతి ఇది: రేకు తక్కువ లేచినా, ఎక్కువ లేచినా దిమ్మె ఆగిపోతుంది. అంతకుముందు రేకును ఎలాగోలా పైకి ఎత్తేస్తే సరిపోయేది. 1778లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బారన్ పేటెంట్ పొందిన తాళం ఆ లోపాన్ని మూసింది. నా దృష్టిలో ఈ తాళం కథలో అతి పెద్ద మలుపు అదే.

1818లో జెరెమయా చబ్ ఇంకో ఏర్పాటు చేశాడు. ఎవరైనా రేకును హద్దు దాటి లేపితే అది అక్కడే పట్టుకుపోతుంది, ఆ తర్వాత సొంత చెవితో కూడా తాళం రాదు. ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి అలా తెలిసిపోతుంది. అయినా 1851లో లండన్‌లో అమెరికన్ ఆల్ఫ్రెడ్ హాబ్స్ ఆ తాళాన్ని తెరిచి చూపించాడు. గడియ మీద కొద్దిగా ఒత్తిడి పెడితే ఏ రేకు బిగుసుకుందో చేతికి తెలుస్తుంది. ఆ ఆధారాన్ని చెడగొట్టడానికే ఇప్పుడు మంచి తాళాల్లో రేకుల అంచున దొంగ గాట్లు కోస్తారు. దిమ్మె వాటిలో ఇరుక్కుంటే, తెరిచేవాడు అసలు గాడి దొరికిందని పొరబడతాడు.

వాడే చోట్లు: తలుపు చెక్కలోకి తొలిచి బిగించే మార్టిస్ తాళాలు, బీరువాలు, కప్పతాళాలు, జైలు గదులు, ఇనప్పెట్టెలు, బ్యాంకు లాకర్లు. లాకర్‌కి రెండు చెవులు కావాలి, ఒకటి బ్యాంకుది, ఒకటి ఖాతాదారుది. బ్రిటన్‌లో బయటి తలుపుల తాళాలకు బీఎస్ 3621 అనే ప్రమాణం ఉంది. అక్కడ ఆ మార్కు ఉన్న లీవర్ తాళాలంటే మామూలుగా ఐదు లీవర్లవే.

అభ్యాసం: ఏదైనా లీవర్ కప్పతాళం చెవిని వెలుతురులో పట్టుకుని దాని మెట్లు గీయండి. వాటిలో ఒకటి గడియను తోసేది, మిగతావి రేకుల్ని లేపేవి. పక్కపక్క రేకులు రెండింటికి ఒకే ఎత్తు ఉంటే రెండు మెట్లు కలిసి ఒక వెడల్పాటి మెట్టులా కనిపిస్తాయి, కాబట్టి వెడల్పు కూడా కొలవండి. తాళం మీద అచ్చువేసిన లీవర్ల సంఖ్యతో మీ లెక్క పోల్చుకోండి. ఆ బొమ్మ దాచి ఉంచండి, పిన్ తాళం గురించిన 4వ పాఠంలో దానితో పని ఉంది.