లీజు ఎనభై ఏళ్లకు దిగకముందే

లండన్‌లో మా ఫ్లాటు అమ్ముదామని 2021 అక్టోబరులో పాత కాగితాలు తీశాను. ఫ్లాటు మాదే అయినా నేల భూయజమానిది, మాకున్నది కొన్నేళ్ల లీజు. దాని మొదటి పేజీలోనే ఉంది: 2003 జూన్ 24 నుంచి 99 ఏళ్లు. వేళ్ల మీద లెక్కపెడితే మిగిలింది 80 ఏళ్ల 8 నెలలు. గుండె ఝల్లుమంది. గడువు 80 ఏళ్లకు మించి లేకపోతే, పొడిగింపుతో పెరిగే విలువలో సగం భూయజమానికి చెల్లించాలి. దాన్నే మ్యారేజ్ వాల్యూ అంటారు.

యజమాని ఏజెంటును అడిగితే ఉత్తరం వచ్చింది. 125 ఏళ్లకు పెంచుతారట, కానీ గ్రౌండ్ రెంట్, అంటే భూయజమానికి ఏటా కట్టే నేల అద్దె, ప్రతి 25 ఏళ్లకూ రెట్టింపు. అడిగిన సొమ్ము తక్కువే కావడంతో సంతకం పెట్టబోయాను. ఎందుకైనా మంచిదని, లీజు ఫ్లాట్లవాళ్లకు సలహాలిచ్చే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీసుకు ఫోను చేశాను. వాళ్లు ఉచితంగా, ఓపికగా చెప్పారు: లీజులపై 1993లో వచ్చిన చట్టం ప్రకారం మిగిలిన గడువుపై మరో 90 ఏళ్లు హక్కుగా వస్తాయి, అద్దె ‘ఒక మిరియపు గింజ’, అంటే ఏమీ లేనట్టే. అప్పట్లో రెండేళ్ల యాజమాన్యం ఉండాలి, మాకు ఉంది. ఆ నిబంధన 2025 జనవరి 31న పోయింది.

సర్వేయరుతో విలువ కట్టించి, లీజు పనులే చేసే సొలిసిటరు (న్యాయవాది) ద్వారా ఫిబ్రవరిలో, పొడిగింపు కోరుతూ ఆ చట్టం కింద సెక్షన్ 42 నోటీసు ఇచ్చాం. బేరం ఎన్ని నెలలు సాగినా మిగిలిన గడువు లెక్క నోటీసు తేదీ నాటిదే. అవతలి సొలిసిటరు ఖర్చూ మాదే అయింది, అది బాధించింది. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. కొత్త లీజులో ఆ మిరియపు గింజ మాటను రెండుసార్లు చదువుకున్నాను.