రోజువారీ పనులకు స్క్రిప్టింగ్ భాషను ఎంచుకోవడం ఎలా?

"అన్నా, 300 ఫైళ్ల పేర్లు మార్చాలి. ఏ లాంగ్వేజ్ నేర్చుకోమంటారు?" అని అడిగే జూనియర్ నాకు ఏటా ఒకరైనా తగులుతారు. అప్పటికే పది వీడియోలు చూసి ఉంటారు. ఏది వేగం, ఏది పాతబడింది అన్నీ నోటికొచ్చు. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంకా మారలేదు.

1. పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి. "ఈ ఫోల్డర్‌లోని ప్రతి ఫోటో పేరు ముందు తేదీ చేర్చాలి." అంతే. వాక్యం రాయలేకపోతే పని మీకే తెలియలేదని అర్థం, స్క్రిప్టు (ఆ పని చేసే చిన్న ప్రోగ్రాం) జోలికి వెళ్లకండి.

2. అది ఏ మెషీన్ మీద నడవాలో చూడండి. లైనక్స్ సర్వర్లో బాష్ అనే షెల్ (టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం) ఉంటుంది, చాలాసార్లు పైథాన్ భాష కూడా ఉంటుంది. విండోస్‌లో దాని సొంత షెల్ పవర్‌షెల్ ఉంటుంది, పైథాన్ మీరే వేసుకోవాలి. మ్యాక్‌లో బాష్ ఉన్నా అది 2006 నాటి 3.2 వెర్షన్. మీ లైనక్స్‌లో నడిచిందల్లా అక్కడ నడవదు.

3. షెల్లా, పైథానా తేల్చుకోండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

నా రూలు ఇది. ఫైళ్లను అటూ ఇటూ కదపడం, ఉన్న కమాండ్లను వరసగా నడపడం అయితే షెల్. ఫైలు లోపల ఉన్న సమాచారాన్ని ముట్టుకోవాల్సి వస్తే పైథాన్. షెల్ స్క్రిప్టు 100 లైన్లు దాటితే వేరే భాషలో తిరగరాయమని గూగుల్ వాళ్ల షెల్ స్టైల్ గైడ్ చెబుతుంది. నాకైతే 30 లైన్లకే చెయ్యి ఆగిపోతుంది.

ఎందుకంటారా? ఒకసారి పేరు, చిరునామా, ఫోన్ ఉన్న సీఎస్‌వీ ఫైలు (కాలమ్‌లను కామాలతో విడదీసే టెక్స్ట్ ఫైలు) నుంచి ఫోన్ నంబర్లు తీయాల్సి వచ్చింది. మూడో కాలమే కదా అని, కావాల్సిన కాలమ్‌ను కోసిచ్చే షెల్ కమాండ్ కట్‌తో లాగేశాను. మొదటి 40 వరసలు చక్కగా వచ్చాయి. ఆ తర్వాత ఒకరి చిరునామా "4-12, మెయిన్ రోడ్, తెనాలి" అని కోట్ గుర్తుల మధ్య ఉంది. కట్‌కు కోట్లు తెలియవు, కామా కనబడితే నరికేస్తుంది. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట "మెయిన్ రోడ్" వచ్చి కూర్చుంది. ఎర్రర్ రాలేదు, స్క్రిప్టు హాయిగా ముగిసింది. అసలు టెన్షన్ అదే: తప్పు చేశానని షెల్ చెప్పదు. పైథాన్‌తో పాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌కు ఈ కోట్ల సంగతి తెలుసు.

షెల్‌లోనే చేస్తానంటే పేర్లలోని ఖాళీలతో జాగ్రత్త. ఫోల్డర్ పేరు "పెళ్లి ఫోటోలు" అనుకోండి. ఆ పేరున్న వేరియబుల్‌ను (విలువను దాచుకునే పేరును) కోట్లు లేకుండా తొలగించే కమాండ్‌కు ఇస్తే, షెల్ దాన్ని "పెళ్లి", "ఫోటోలు" అని రెండు పేర్లుగా విడగొడుతుంది. పక్కనే "ఫోటోలు" అనే వేరే ఫోల్డర్ ఉంటే అది పోతుంది, మీరు తీసేయాలనుకున్నది భద్రంగా ఉంటుంది. ప్రతి వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్లు పెట్టండి. తొలగించే కమాండ్ ముందు ఎకో (ఇచ్చినదాన్ని తెర మీద చూపించే కమాండ్) తగిలించి, ఏం చేయబోతోందో తెర మీద చదివాకే అసలుది నడపండి.

తెలుగు ఉన్న ఫైళ్లయితే పైథాన్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. "తెలుగు" మన కంటికి 3 అక్షరాలు. పైథాన్ లెక్కలో 6, ఎందుకంటే గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పేరును 5కు కుదిస్తే "తెలుగ" మిగులుతుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అంటే ఆ దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని మీరే రాయండి, విండోస్‌లో మరీ ముఖ్యం.

పెర్ల్ సంగతేంటని అడిగేవాళ్లుంటారు. 1987 నుంచి ఉన్న భాష, టెక్స్ట్ పనిలో దిట్ట, కాదనను. కానీ నేను రాసిన పెర్ల్ లైనే ఆరు నెలల తర్వాత నాకు అర్థం కాలేదు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌తో ఫైళ్ల పేర్లు మార్చడానికి 40 ప్యాకేజీలు దించుకున్న కుర్రాణ్నీ చూశాను. షెల్ నుంచే నడిపే చిన్న టెక్స్ట్ భాష ఆక్ ఒక్కదానికి మినహాయింపు: ఖాళీలతో విడిన అంకెల కాలమ్‌ను కూడాలంటే ఒక్క లైన్ చాలు, దానికి పైథాన్ దండగ.

4. కాపీ మీద నడపండి. అయిదారు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి తీసుకోండి. అందులో పేరులో ఖాళీ ఉన్నది ఒకటి, తెలుగు పేరున్నది ఒకటి, సున్నా బైట్లది ఒకటి తప్పకుండా ఉండాలి. మూడూ గట్టెక్కితే, మొదట రాసుకున్న వాక్యాన్ని స్క్రిప్టు పైన కామెంట్‌గా (మెషీన్ నడపని, మనం చదువుకునే లైనుగా) అతికించి సేవ్ చేయండి.